మార్కుల గొడవ, కోర్టు గడప: మీ ప్రశ్నలకి జవాబులు

రిజల్ట్స్ వచ్చి నెల దాటినా ఉత్తరాలు మాత్రం ఆగట్లేదు. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ మార్కుల గురించే, బోర్డు తక్కువ వేసిందని ఒకరు, స్కూల్ ఇంటర్నల్స్ కోసేసిందని ఒకరు, కీ తప్పని ఇంకొకరు, చివరికి అందరూ అడిగేది ఒక్కటే, కోర్టుకి వెళ్తే మార్కులు వేయిస్తారా మేడమ్ అని. అందుకే ఈ సంచిక మొత్తం దీనికే ఇచ్చేశా. ముందే ఒక మాట చెప్పాలి, ఇన్నేళ్ళుగా ఈ కేసులు చూస్తున్నా, "మా వాడికి ఇంకో పది రావాలి" అని వెళ్ళినవాళ్ళు దాదాపు అందరూ వట్టి చేతుల్తోనే తిరిగొస్తారు, "రూల్ ఇలా ఉంది, వీళ్ళు ఇలా చేశారు, ఇదిగో కాగితం" అని వెళ్తే మాత్రం కోర్టు కూర్చోబెట్టి వింటుంది.

ప్రశ్న: మేడమ్, నేను ఇంటర్ సెకండియర్. ఫిజిక్స్‌లో 50 పైన వస్తాయనుకున్నా, 31 వచ్చాయి. మిగతా అన్నిట్లో బానే వచ్చాయి. రీకౌంటింగ్ పెట్టినా ఏం మారదు, డైరెక్ట్‌గా హైకోర్టుకి వెళ్ళు అంటున్నారు ఫ్రెండ్స్. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు నీ పేపర్ నువ్వు చూడు నాన్నా. అందులో ఏముందో తెలీకుండా కోర్టుకి వెళ్తే నీ లాయర్ దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు, "ఎక్కువ వస్తాయనుకున్నాడు సార్" అని తప్ప.

ఒకప్పుడు ఈ పేపర్ చూసే హక్కే లేదు. 1984లో మహారాష్ట్ర బోర్డు కేసులో సుప్రీంకోర్టు, పేపర్ చూపించం, మళ్ళీ దిద్దం అని బోర్డు రూల్ పెట్టుకుంటే అది చెల్లుతుంది అని చెప్పేసింది, ఆ తర్వాత పాతికేళ్ళకి పైగా పిల్లలు చీకట్లోనే ఉన్నారు. అది మారింది 2011 ఆగస్టు 9న. సీబీఎస్ఈ కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ రవీంద్రన్ గారి బెంచ్, దిద్దిన ఆన్సర్ షీట్ కూడా సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద సమాచారమే, రాసినవాడు అడిగితే చూపించాలి, కాపీ ఇవ్వాలి అని తీర్పు ఇచ్చింది. దిద్దినవాళ్ళ పేరు, సంతకం లాంటివి మాత్రం కప్పేసి ఇస్తారు, అది వాళ్ళ భద్రత కోసం. అందులో సరైన కారణమే ఉంది, దాని మీద గొడవ పెట్టుకోకు.

కాబట్టి బోర్డు స్కాన్డ్ కాపీకి అప్లై చేసుకునే టైమ్ ఇచ్చిందేమో చూడు, ఉంటే ఈరోజే పెట్టు, ఆ గడువు చాలా చిన్నది, రోజుల్లో అయిపోతుంది. అది దాటిపోయిందా, ఆర్టీఐ కింద అడుగు, ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే ఇంకో ముప్ఫై రోజుల్లో అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీల్.

కాపీ వచ్చాక ఏడుస్తూనో కోపంతోనో చూడకు, పెన్సిల్ పట్టుకుని చూడు. ప్రతి పేజీలో ఎన్ని మార్కులు వేశారో ఒక కాగితం మీద రాసుకుంటూ వెళ్ళు, మొదటి పేజీ గడుల్లో వేసినవి లోపలి మార్కులతో సరిపోయాయా, టోటల్ కరెక్టేనా, ఏదైనా ఆన్సర్ మీద అసలు ఎర్ర పెన్ను తగల్లేదా. నా దగ్గరికి ఒకసారి ఒకమ్మాయి వాళ్ళ నాన్న కాపీ పట్టుకుని వచ్చారు, కెమిస్ట్రీ. చివర్లో మూడు పేజీలు తెల్లగా ఉన్నాయి, అంటే రాసింది ఉంది గానీ టిక్ లేదు, ఇంటూ లేదు, మార్కు లేదు. ఆ పిల్ల మధ్యలో ఒక పేజీ ఖాళీగా వదిలేసి తర్వాత పేజీ నుంచి రాసింది, దిద్దినాయన ఖాళీ పేజీ చూసి ఇంక అయిపోయిందనుకుని మూసేసినట్టున్నారు. ఒక లెటర్, ఆ మూడు పేజీల జిరాక్స్ జత చేసి పెట్టారు, కోర్టు దాకా వెళ్ళకుండానే సరిచేశారు. ఇలాంటిది నీ పేపర్లో ఉంటే రీవెరిఫికేషన్‌లోనే తేలిపోతుంది.

అలా కాకుండా అన్నీ దిద్దారు, టోటల్ కరెక్టే, కానీ నాలుగు వెయ్యాల్సిన చోట రెండు వేశారు అన్నావనుకో, అక్కడ కోర్టు చెయ్యి పెట్టదు. 2017 డిసెంబర్‌లో ఉత్తరప్రదేశ్ టీచర్ల పరీక్ష కేసులో సుప్రీంకోర్టు చాలా స్పష్టంగా చెప్పింది, మళ్ళీ దిద్దడానికి రూల్ ఉంటే బోర్డు దిద్దొచ్చు, రూల్ లేకపోతే కోర్టు దిద్దమనాలంటే పెద్ద తప్పు జరిగిందని వెతికి తవ్వి వాదించాల్సిన పని లేకుండా చూడగానే కనిపించాలి, అదీ చాలా అరుదుగానే, అంతే తప్ప జడ్జిలు కూర్చుని పేపర్లు దిద్దరు, అనుమానం ఉంటే ఆ లాభం పరీక్ష పెట్టినవాళ్ళకే పోతుంది, జాలి పడి మార్కులు వెయ్యడం ఉండదు అని. వినడానికి కఠినంగా ఉంటుంది, నాకూ మొదట్లో కోపం వచ్చింది, కానీ ఒక్క పిల్లాడికి కోర్టు రెండు మార్కులు కలిపితే అదే ర్యాంకు లైన్లో ఉన్న ఇంకో వంద మంది కిందకి జరుగుతారు, వాళ్ళ పేపర్లు ఎవరూ మళ్ళీ దిద్దలేదు కదా.

ప్రశ్న: మా అబ్బాయి బాగా రాశానని ఒట్టేసి చెప్తున్నాడు. రిజల్ట్ చూస్తే ఫెయిల్. బోర్డు అంత పెద్ద తప్పు చేస్తుందా అండీ? వాడే అబద్ధం చెప్తున్నాడని నాకు అనిపిస్తోంది, ఇంట్లో రోజూ గొడవే.

జవాబు: ముందు ఆ గొడవ ఆపండి అన్నగారూ, ఈ ఒక్కటి బతిమాలి చెప్తున్నా.

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ రిజల్ట్స్ వచ్చినప్పుడు ఏం జరిగిందో గుర్తుందా. తొమ్మిది లక్షల మందికి పైగా రాస్తే మూడు లక్షలకి పైగా ఫెయిల్. అందులో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా. మళ్ళీ చూస్తే వచ్చినవి 99. ఓఎంఆర్ షీట్ మీద తొమ్మిది, తొమ్మిది అని నింపాల్సిన గుండ్రాలు సున్నా, సున్నా అని నింపేశారు, దాన్ని సరిచూడాల్సిన మనిషీ చూడలేదు, కంప్యూటర్ చదివింది, మెమోలో సున్నా పడింది. రెండు చిన్న నల్ల చుక్కలు, అంతే. ఆ పిల్ల వాళ్ళింట్లో ఆ రాత్రి ఎలా గడిచి ఉంటుందో ఆలోచించండి. ఆ ఏడాది ఫలితాల తర్వాత చాలామంది పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం ముగ్గురితో కమిటీ వేసింది, ఫెయిలైన వాళ్ళందరి పేపర్లూ ఉచితంగా మళ్ళీ చూడమంది, అలా చూస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు.

మూడు లక్షల్లో వెయ్యి అంటే చాలామందికి ఏం మారలేదు అనే అర్థం కూడా ఉంది, అది దాచను. మీ అబ్బాయి పేపర్లో తప్పు ఉండొచ్చు, లేకపోనూ వచ్చు, కానీ ఆ సంగతి తేల్చేది కాపీ, మీరు కాదు, వాడూ కాదు. అప్లై చెయ్యండి, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూడండి. సప్లిమెంటరీ ఫీజు కూడా కట్టేయండి, రిజల్ట్ మారితే మంచిదే, మారకపోతే ఏడాది పోదు. వాడు మాట తగ్గించాడు, తినట్లేదు, గదిలోంచి రావట్లేదు అనిపిస్తే 14416 టెలీ మానస్ నంబర్, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, మీరైనా చెయ్యొచ్చు వాడి కోసం.

ప్రశ్న: ఎంట్రన్స్ కీలో రెండు ప్రశ్నలకి ఆన్సర్ తప్పు ఇచ్చారు. మా లెక్చరర్ కూడా తప్పే అన్నారు. ఆరుగురం కలిసి కేసు వేద్దామనుకుంటున్నాం. గెలుస్తామా?

జవాబు: మార్కుల కేసుల్లో కాస్త బలం ఉండేది ఇక్కడే, ఎందుకంటే ఎస్సేకి ఎన్ని వెయ్యాలనేది అభిప్రాయం, ఆబ్జెక్టివ్ ప్రశ్నకి కీ తప్పా ఒప్పా అనేది టెక్స్ట్‌బుక్ తెరిచి చూపించగలిగే విషయం. 1983లో కాన్పూర్ యూనివర్సిటీ కేసు దీనికి మూలం. ఉత్తరప్రదేశ్ మెడికల్ ఎంట్రన్స్ కీలో తప్పులున్నాయని పిల్లలు వెళ్తే, కీ కరెక్టే అనుకోవాలి, తప్పని నిరూపించే బాధ్యత మీదే, ఆ సబ్జెక్ట్ తెలిసిన మనిషి ఎవరూ ఒప్పుకోలేనంత తప్పు అయ్యుండాలి అని చెబుతూనే, ఆ పిల్లలు టెక్స్ట్‌బుక్స్‌తో చూపించారు కాబట్టి వాళ్ళనే గెలిపించింది సుప్రీంకోర్టు.

ఇప్పుడు దీనికి ఇంకో వైపు. నీట్ 2024 ఫిజిక్స్‌లో పరమాణువుల మీద ఒక ప్రశ్న వచ్చింది, రెండు వాక్యాలిచ్చి ఏది కరెక్ట్ అని. పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ప్రకారం ఒక ఆన్సర్, కొత్త దాని ప్రకారం ఇంకోటి, పరీక్ష పెట్టిన ఎన్‌టీఏ రెండిటికీ మార్కులు వేసేసింది. సుప్రీంకోర్టు జులై 22న ఐఐటీ ఢిల్లీ వాళ్ళని ముగ్గురు నిపుణులతో చూసి చెప్పమంది, మర్నాటికల్లా వాళ్ళు నాలుగో ఆప్షన్ ఒక్కటే కరెక్ట్ అని తేల్చేశారు. దాంతో నాలుగు లక్షల మందికి పైగా పిల్లలకి అయిదేసి మార్కులు తగ్గాయి, వేసిన నాలుగు పోయి నెగెటివ్ ఒకటి పడింది. ఫస్ట్ ర్యాంక్ అని ఇంట్లో స్వీట్లు పంచుకున్న పిల్లలు కూడా అందులో ఉన్నారు. కీ కేసు అంటే ఇది, మీరు గెలిచినా అది మీ ఆరుగురితో ఆగదు, లిస్ట్ మొత్తం కదులుతుంది, మీ ఫ్రెండ్‌దీ కదులుతుంది.

మీరు చెయ్యాల్సింది, ముందుగా ఇచ్చే ప్రొవిజనల్ కీ మీద అభ్యంతరం గడువులోనే పెట్టారా లేదా చూసుకోండి. పెట్టకపోతే అప్పుడేం చేశారని కోర్టులో మొదట అడిగేది అదే. పెట్టి ఉంటే ఆ రసీదు, బోర్డు సిలబస్ పుస్తకంలో ఆ పేజీ, ఎడిషన్ ఏ సంవత్సరమో కనపడేలా, ఇవి లాయర్‌కి ఇవ్వండి. లెక్చరర్ మాట నోటితో చెప్పింది పనికిరాదు, కోచింగ్ వాళ్ళ కీ అసలే పనికిరాదు.

ప్రశ్న: మా పాప సీబీఎస్ఈ టెన్త్. ఫీజు గురించి ప్రిన్సిపాల్‌తో మాట పట్టింపు అయ్యాక ఇంటర్నల్స్‌లో ఇరవైకి పదకొండు వేశారు. అంతకుముందు టెస్టుల్లో అన్నీ మంచి మార్కులే. ప్రైవేట్ స్కూల్ మీద కేసు వెయ్యొచ్చా?

జవాబు: ఈ ఉత్తరం చదివి చాలా బాధేసింది అమ్మా, పెద్దవాళ్ళ గొడవ పిల్ల మెమో మీదకి తేవడం కంటే చిన్నతనం ఉండదు.

ఆ ఇరవై గాల్లోంచి వెయ్యడానికి లేదు. పీరియాడిక్ టెస్టులకి అయిదు, మల్టిపుల్ అసెస్‌మెంట్‌కి అయిదు, పోర్ట్‌ఫోలియోకి అయిదు, సబ్జెక్ట్ ఎన్‌రిచ్‌మెంట్‌కి అయిదు, ఇలా విడివిడిగా ఉంటాయి. కాబట్టి మీరు "పదకొండు ఎందుకు వేశారు" అని అడగొద్దు, "ఈ నాలుగిట్లో దేనికెంత వేశారో విడివిడిగా ఇవ్వండి" అని రాతపూర్వకంగా అడగండి. ఈమెయిల్ కూడా పెట్టండి, తేదీ ఉంటుంది. టెస్ట్ పేపర్లు ఇంట్లో ఉన్నాయా? టీచర్ సంతకం ఉన్న నోట్‌బుక్స్? పేరెంట్స్ మీటింగ్‌లో ఇచ్చిన ప్రోగ్రెస్ కార్డు? ఫీజు గురించి వాళ్ళు పంపిన వాట్సాప్ మెసేజ్‌లు? అవన్నీ తేదీల వరుసలో పెట్టి చూడండి, గొడవ ఏ రోజు, మార్కులు బోర్డు పోర్టల్‌లో ఎక్కించింది ఏ రోజు. కక్ష అని మీరు అరవక్కర్లేదు, తేదీలే చెప్తాయి.

ప్రిన్సిపాల్ జవాబు ఇవ్వకపోతే బోర్డు రీజనల్ ఆఫీసుకి రాయండి. ప్రైవేట్ స్కూల్‌కి ఆర్టీఐ నేరుగా వర్తించకపోవచ్చు గానీ బోర్డుకి వర్తిస్తుంది, స్కూల్ పంపిన మార్కుల వివరం బోర్డు దగ్గర ఉంటుంది కదా, అక్కడ అడగండి. అప్పటికీ కదలకపోతే రాజ్యాంగం 226 ఆర్టికల్ కింద హైకోర్టులో రిట్ పిటిషన్, బోర్డుని మొదటి ప్రతివాదిగా పెట్టి, మా ఫిర్యాదు మీద నిర్ణయం తీసుకోమని ఆదేశించండి అని అడిగితే చాలు, "మార్కులు పెంచమనండి" అని అడిగే రిట్ కంటే ఇది చాలా సులువుగా నిలబడుతుంది. ఒకటే ఇబ్బంది, పోర్టల్‌లో ఎక్కించిన మార్కులు తర్వాత మార్పించడం బాగా కష్టం, అందుకే మిగతా తల్లిదండ్రులకి కూడా చెప్తున్నా, ఫిబ్రవరిలోనే అడిగి తెలుసుకోండి, మే దాకా ఆగకండి.

ప్రశ్న: బోర్డు మీద కన్స్యూమర్ కోర్టులో వేస్తే త్వరగా అవుతుందట కదా?

జవాబు: వెయ్యకండి. పరీక్ష పెట్టడం, దిద్దడం, రిజల్ట్ ఇవ్వడం అమ్మే సర్వీస్ కాదు, పరీక్ష రాసినవాడు కన్స్యూమర్ కాదు అని 2009లో బీహార్ స్కూల్ బోర్డు కేసులోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. టైమూ డబ్బూ రెండూ పోతాయి.

ప్రశ్న: అసలు స్టూడెంట్స్ గెలిచిన కేసులు ఏమైనా ఉన్నాయా మేడమ్? చదివితే అన్నీ ఓడిపోయినవే కనిపిస్తున్నాయి.

జవాబు: ఉన్నాయి, అవి చెప్పడం నాకు చాలా ఇష్టం కూడా.

2021లో కరోనా వల్ల ట్వెల్త్ పరీక్షలు రద్దయ్యాయి, టెన్త్ నుంచి 30, లెవెన్త్ నుంచి 30, ట్వెల్త్ నుంచి 40 శాతం తీసుకుని మార్కులు వేస్తామంది సీబీఎస్ఈ. నచ్చనివాళ్ళు తర్వాత ఇంప్రూవ్‌మెంట్ రాసుకోవచ్చు, కానీ అందులో ఏమొస్తే అదే ఫైనల్ అని ఒక క్లాజు పెట్టింది. కొంతమందికి రాస్తే మార్కులు తగ్గాయి, అప్పటికే పాత మార్కులతో కాలేజీల్లో చేరిపోయారు, ఇప్పుడు తగ్గిన మెమో ఇస్తే సీటు ఊడుతుంది. వాళ్ళు కోర్టుకి వెళ్ళి మాకు మార్కులు వెయ్యండి అనలేదు, ఈ క్లాజు అన్యాయం అన్నారు, మునుపటి స్కీముల్లో రెండిట్లో ఏది మెరుగైతే అది ఇచ్చారు కదా, ఈ ఏడాదికే ఎందుకు తీసేశారు అన్నారు. 2022 జనవరి 7న సుప్రీంకోర్టు ఆ 28వ క్లాజు కొట్టేసింది, మెరుగైన మార్కులే తీసుకోమంది. అలాగే 2017లో పరీక్షలు అయిపోయాక సీబీఎస్ఈ మోడరేషన్ (పేపర్ కష్టంగా వస్తే అందరికీ కలిపే మార్కులు) తీసేస్తానంటే ఢిల్లీ హైకోర్టు ఆ ఏడాదికి పాత పద్ధతే ఉంచమంది, ఆట మధ్యలో రూల్ మారిస్తే ఎలా అని.

రెండు కేసుల్లోనూ ఒక్క పేపర్ కూడా మళ్ళీ దిద్దలేదు. గెలిచింది రూల్ మీద.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో మాస్టర్స్ చేస్తోంది. ఏఐతో రాశావని ఒక అసైన్‌మెంట్‌కి సున్నా వేశారు. రాయలేదంటోంది. అక్కడ అయితే కేసు వేస్తే భయపడతారు అంటున్నారు, నిజమేనా?

జవాబు: నిజం కాదు అక్కా. అక్కడి కోర్టులు మన కోర్టుల కంటే కూడా దూరంగానే ఉంటాయి. 1978లో మిస్సోరీ, 1985లో మిషిగన్ యూనివర్సిటీ కేసుల్లో వాళ్ళ సుప్రీంకోర్టు, చదువు విషయంలో ప్రొఫెసర్లు ఆలోచించి తీసుకున్న నిర్ణయానికి చాలా గౌరవం ఇవ్వాలి అని చెప్పేసింది. పెన్సిల్వేనియాలో లీహై యూనివర్సిటీ స్టూడెంట్ ఒకరు క్లాస్ పార్టిసిపేషన్‌కి సున్నా వేసి సీ ప్లస్ ఇచ్చారని 13 లక్షల డాలర్లకి దావా వేస్తే 2013లో జడ్జి యూనివర్సిటీ వైపే తీర్పు ఇచ్చారు.

ఏఐ గురించి అయితే మసాచుసెట్స్‌లో ఒక హైస్కూల్ పిల్లాడి కేసు తెలుసుకోవాలి. హిస్టరీ ప్రాజెక్ట్‌లో ఏఐ వాడాడని మార్కులు తగ్గించారు, తల్లిదండ్రులు కోర్టుకి వెళ్ళారు, 2024 నవంబర్‌లో ఫెడరల్ జడ్జి గ్రేడ్ మార్చమని ఆర్డర్ ఇవ్వనన్నారు. ఎందుకో చూడండి, డాక్యుమెంట్ హిస్టరీ (ఎప్పుడు, ఎంతసేపు రాశారో చూపే రికార్డు) తీస్తే మిగతా పిల్లలు ఏడు నుంచి తొమ్మిది గంటలు పనిచేసిన చోట ఇతను 52 నిమిషాలే ఉన్నాడు, పైగా లేని పుస్తకాల పేర్లు రిఫరెన్సుల్లో ఉన్నాయి.

అదే డాక్యుమెంట్ హిస్టరీ మీ అమ్మాయికి మేలు చెయ్యొచ్చు, తను నిజంగా రాసి ఉంటే. గూగుల్ డాక్స్‌లో రాసిందా, వర్షన్ హిస్టరీ డిలీట్ చెయ్యొద్దని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. చిత్తు నోట్స్, లైబ్రరీలో తీసుకున్న పుస్తకాల వివరం, ప్రొఫెసర్‌కి డౌట్ అడిగిన మెయిల్స్, అన్నీ దాచుకోమనండి. సిలబస్‌లో ఏఐ గురించి ఏం రాశారో అక్షరం అక్షరం చదవమనండి, ఏఐ రాసిందేమో పట్టే డిటెక్టర్ ఇచ్చిన స్కోరు ఒక్కటే ఆధారమా ఇంకేమైనా ఉందా అని రాతలో అడగమనండి. తర్వాత యూనివర్సిటీ లోపలే అప్పీల్ ఉంటుంది, దానికి రోజుల గడువు ఉంటుంది, అది దాటనివ్వద్దు. 1974 నాటి ఫెర్పా అనే చట్టం కింద తన రికార్డు చూసుకోవచ్చు, రికార్డులో ఎక్కించిన తప్పు సరిచేయమనొచ్చు, గ్రేడ్ సరైనదా కాదా అనేది మాత్రం దాని కిందకి రాదు. వీసా మీద ఉన్న పిల్ల కాబట్టి ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసులో కూడా ఒక మాట చెప్పి ఉంచమనండి.

ప్రశ్న: డిగ్రీ అయిపోయి మూడేళ్ళయింది. ఒక సబ్జెక్టులో రెండు మార్కులతో ఫస్ట్ క్లాస్ పోయింది. ఇప్పుడు జాబ్‌కి అడ్డొస్తోంది. ఆన్సర్ షీట్ అడగొచ్చా?

జవాబు: అడగడానికి అడగొచ్చు తమ్ముడూ, కానీ ఆ పేపర్ ఇప్పటికి ఉండకపోవచ్చు. ప్రతి యూనివర్సిటీకి పేపర్లు ఎన్నాళ్ళు ఉంచాలో రూల్ ఉంటుంది, ఆ గడువులో అడిగితేనే ఇవ్వాలని 2011 తీర్పులోనే ఉంది, తర్వాత చించేస్తే వాళ్ళ తప్పు కాదు. పేపరే లేకపోతే ఏ కోర్టూ ఏమీ చెయ్యలేదు. ముందు మార్కుల మెమోలు అన్నీ పెట్టుకుని టోటల్, శాతం లెక్క నువ్వే ఒకసారి వేసి చూడు, లెక్కలో తప్పుంటే అది రికార్డుల్లోంచి ఇప్పటికీ సరిచేయించుకోవచ్చు. లెక్క కరెక్టే అయితే మీ యూనివర్సిటీలో డిగ్రీ అయిపోయినవాళ్ళకి ఇంప్రూవ్‌మెంట్ రాసే వీలు ఉందేమో ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో కనుక్కో, కొన్నిచోట్ల దానికీ ఇన్నేళ్ళ లోపు అని గడువు ఉంటుంది, కాబట్టి ఈ వారమే వెళ్ళు.